మన రోడ్డు చివరి ఊరు

మా సూర్యాపేట మీదుగా పోయే పెద్ద రోడ్డును ఇప్పుడందరూ విజయవాడ హైవే అంటున్నారు. పిల్లలైతే ఎన్‌హెచ్ 65 అంటారు. అంతకుముందు దాని నంబరు 9. మా మామయ్య మాత్రం చివరిదాకా బందరు రోడ్డు అనేవాడు. ఆయన అన్నదే సరైన పేరు. ఈ రోడ్డు పుణెలో మొదలై, షోలాపూర్, జహీరాబాద్, హైదరాబాద్ దాటి, మన సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడ చేరుతుంది. అక్కడ ఆగదు. ఇంకో 70 కిలోమీటర్లు పోయి సముద్రం దగ్గర ఆగుతుంది. ఆగే ఊరు మచిలీపట్నం, వాడుకలో బందరు. మనకు దాదాపు 200 కిలోమీటర్లు. రోజూ ఆ రోడ్డు దాటి కూరగాయలకు పోతాం, పిల్లలను బస్సెక్కిస్తాం. కానీ అది ఎక్కడికి పోతుందని అడిగితే విజయవాడ అని ఊరుకుంటాం.

మా వారి ఉద్యోగం వల్ల మేము ఆరేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాం. నా పుట్టిల్లు కోదాడ, అత్తగారిల్లు సూర్యాపేట. అంటే సముద్రం లేని ఊరిలో పుట్టి, సముద్రం లేని ఊరికే కోడలినై, మధ్యలో సముద్రపు ఊళ్ళో కాపురం చేశానన్నమాట. అక్కడున్నప్పుడు ఊరి చరిత్ర మీద దొరికినవన్నీ చదివాను. డిగ్రీలో తెలుగు చదివిన అలవాటు అది, ఊరి పేరు కనపడితే దాని వెనక ఏముందో చూడబుద్ధి అవుతుంది. ఇప్పుడు ఇది రాయడానికి కారణం మాత్రం మా అక్క కూతురు. అది స్కాట్లాండులో చదువుకుని, ఉద్యోగం దొరికాక సముద్రం ఒడ్డున ఆన్‌స్ట్రథర్ అనే పాత చేపల ఊరిలో ఇల్లు అద్దెకు తీసుకుంది. అక్కడ చేపల వాళ్ళ బతుకుల మీద 1969 నుంచి ఒక మ్యూజియమే ఉందట. పడవలు, వలలు, చేపలమ్మే ఆడవాళ్ళ బుట్టలు, వాళ్ళు కట్టుకున్న బట్టలు, అన్నీ దాచిపెట్టారట. ఫోనులో ఆ ఫొటోలన్నీ చూపించి, "మనకు ఇట్లాంటి ఊరు లేదా చిన్నమ్మా?" అని అడిగింది. ఎందుకు లేదు, నీ ఇంటి ముందు రోడ్డు చివరనే ఉంది అన్నాను. దానికి ఫోనులో చెప్పిందంతా కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. బందరు అంటే పారశీకంలో రేవు అని అర్థం. మచిలీ అంటే చేప. అంటే ఊరి రెండు పేర్లలో ఒకటి ఓడలది, ఇంకొకటి చేపలది. ఓడలు ఎక్కువ వచ్చిన రోజుల్లో బందరు అన్నారు. కోట ద్వారానికి చేప కళ్ళు పెట్టారని, అందుకే మచిలీపట్నం అయిందని అక్కడి వాళ్ళు ఒక కథ చెప్తారు. ఈ ప్రాంతం దానికంటే చాలా పాతది. ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్‌లో మసాలియా అనే తీరం ఉంది, అక్కడ సన్నని నూలు బట్టలు దొరుకుతాయని ఉంది. రెండో శతాబ్దంలో టాలెమీ మైసోలియా అన్నాడు. అవి రెండూ ఈ కృష్ణ డెల్టా తీరమేనని పండితులు చెప్తారు.

ఊరికి బాగా కలిసొచ్చిన కాలం గోల్కొండ కుతుబ్‌షాహీలది. గోల్కొండకు సముద్రం లేదు. వజ్రాలున్నాయి, బట్టలున్నాయి, ఇనుముంది, వాటిని పారశీక దేశానికీ యూరప్‌కీ పంపడానికి రేవు కావాలి. ఆ రేవు బందరు. అందుకే గోల్కొండ నుంచి బందరుకు పోయే దారి ఆ రాజ్యానికి ప్రాణం లాంటిదైంది. హైదరాబాదు నుంచి ఇటు వస్తుంటే తగిలే హయత్‌నగర్, సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. బాటసారులు రాత్రి ఆగడానికి సరాయి, నమాజుకు మసీదు అక్కడున్నాయి. మనం ఎల్బీనగర్ ట్రాఫిక్కులో తిట్టుకుంటూ దాటే ఊరు ఒక రాజమాత పేరన ఉందని ఎంతమందికి గుర్తుంటుంది? అబ్దుల్లా కుతుబ్‌షా స్వయంగా 1639లో పరివారంతో బందరు చూడడానికి వచ్చాడు.

వజ్రాల సంగతి మన కోదాడ, హుజూర్‌నగర్ వాళ్ళకు ఇంకా దగ్గరిది. గోల్కొండ వజ్రాలు గోల్కొండలో పుట్టలేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికాయి. కొల్లూరు మనకు ఏటి అవతలి గట్టు, పల్నాడు వైపు. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. మన వైపు కూడా మేళ్ళచెర్వు, మఠంపల్లి ప్రాంతంలో కొన్ని ఊళ్ళు అదే నీళ్ళలో మునిగాయి. 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఆ గనికి వచ్చి చూశాడు. ఆడ, మగ, పిల్లలు కలిపి 60 వేల మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతున్నారట, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తున్నారట. కోహినూరు కొల్లూరుదేనంటారు. ఆ వజ్రం ఏ రాజు చేతి నుంచి ఏ రాజు చేతికి పోయిందో పుస్తకాలకు పుస్తకాలున్నాయి. ఆ మట్టి తట్ట మోసిన మనిషి గురించి తావెర్నియే రాసిన ఆ ఒక్క వాక్యమే మనకు మిగిలింది. బందరు చరిత్ర చదివినంతసేపూ నాకు ఇదే ఎదురైంది.

డచ్చి వాళ్ళు 1605, 1606 ప్రాంతంలో వచ్చి బందరులో గిడ్డంగి పెట్టుకున్నారు. ఇంగ్లీషు వాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చారు. ఫ్రెంచి వాళ్ళు 1669లో వచ్చారు. అందరూ వచ్చింది ముఖ్యంగా బట్టల కోసం. బందరు అద్దకం అంటే మనకు కలంకారీ. ఇప్పటికీ బందరు పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, మన పెళ్ళిళ్ళలో పెట్టే చీరలు చాలావరకు అక్కడివే. ఆ పని నేను దగ్గరుండి చూశాను. బట్టను ముందు ఉతికి గంజి పోగొట్టాలి. కరక్కాయ నీళ్ళలో ముంచాలి. పటిక కలిపిన అద్దకం వెయ్యాలి. పారే నీళ్ళలో జాడించాలి. ఎరుపు కోసం చిరివేరు వాడేవాళ్ళు, కృష్ణ డెల్టా ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరుకు మంచి పేరుండేది. ఆ ఎరుపు ఎన్ని ఉతుకులైనా పోదు. యూరప్ ఆడవాళ్ళు ఇవి చూసి ఎంత మోజుపడ్డారంటే, వాళ్ళ నేతగాళ్ళ బతుకు పోతోందని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకోసారి ఇలాంటి బట్టలను నిషేధించాయి. మన వైపు ఒక ఆడమనిషి జాడించి ఆరేసిన బట్ట కోసం అక్కడి ప్రభుత్వాలు చట్టాలు చేయాల్సి వచ్చిందంటే చిన్న విషయం కాదు కదా.

ఇంత పెద్ద రేవని పేరే గాని ఓడలు ఒడ్డుకు రాలేవు. సముద్రం అక్కడ లోతు తక్కువ, బురద ఎక్కువ. ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడేవి. సరుకంతా మసూలా పడవల్లో మోసేవాళ్ళు. మేకు అన్నదే లేకుండా కొబ్బరితాడుతో పలకలను కుట్టిన పడవలవి. అల కొడితే పలకలు విరగకుండా కొంచెం ఒంగుతాయి. ఆ పడవలు నడిపింది తీరంలో చేపలు పట్టుకునే వాళ్ళే. అంటే గోల్కొండ వజ్రమైనా, బందరు చీటీ గుడ్డైనా, చివరి మైలు దాటింది చేపల వాళ్ళ చేతుల మీదే. వాళ్ళు తెడ్డు వెయ్యమంటే కంపెనీల వ్యాపారం ఒడ్డునే ఆగిపోయేది.

తర్వాత ఒక్కొక్కరే వెళ్ళిపోవడం మొదలైంది. బందరులో ఇంగ్లీషు వాళ్ళ పెద్ద ఆండ్రూ కోగన్, అతని కింద పనిచేసే ఫ్రాన్సిస్ డే కలిసి 1639లో దక్షిణాన ఒక ఇసుక దిబ్బ సంపాదించారు, మరుసటేడు అక్కడికి మారారు. అదే మద్రాసు అయింది. అంటే మద్రాసు బందరుకు బిడ్డ లాంటిది, తల్లిని మించిపోయింది. ఆ తర్వాత బందరు కోట 1750లో ఫ్రెంచి వాళ్ళ చేతికొచ్చింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ దాన్ని పట్టుకున్నాడు. మే నెలలో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. 1766లో ఉత్తర సర్కారులు కూడా పోయాయి. దాంతో హైదరాబాదు రాజ్యానికి సముద్రం లేకుండా పోయింది, ఒకే రోడ్డు మీద రెండు ప్రభుత్వాలయ్యాయి.

ఆ హద్దు మా కోదాడ దగ్గరే. కోదాడ నైజాం, జగ్గయ్యపేట ఇంగ్లీషు వాళ్ళది. నా చిన్నప్పుడు మా తాతయ్య కరోడ్‌గిరి నాకా గురించి చెప్పేవాడు. కరోడ్‌గిరి అంటే నైజాం వాళ్ళ సుంకాల శాఖ. పెళ్ళికి బట్టలు తెచ్చుకోవాలన్నా అక్కడ మూట విప్పి చూపించాలట. రాష్ట్రం విడిపోయాక మళ్ళీ అక్కడే చెక్‌పోస్టులు వచ్చాయి, ఇటు రామాపురం, అటు గరికపాడు. కరోనా రోజుల్లో అక్కడ బండ్లు ఆగిపోయినప్పుడు మా అమ్మ, "మీ తాత చెప్పిన నాకా మళ్ళీ వచ్చిందే" అంది.

సముద్రం లేని రాజ్యానికి అన్నిటికంటే ముందు కావలసింది ఉప్పు. అది తీరం నుంచే రావాలి. రైళ్ళు రాకముందు ఎద్దుల మీద ఉప్పు మూటలు వేసుకుని తీరం నుంచి దక్కను లోపలికి మోసిన వాళ్ళు లంబాడీలు. వందల ఎద్దులతో, పిల్లాపాపలతో, గుడారాలతో కదిలేవాళ్ళు. పోయేటప్పుడు ధాన్యం, వచ్చేటప్పుడు ఉప్పు. ఇంగ్లీషు వాళ్ళు రోడ్లు, రైళ్ళు వేశాక ఆ పని పోయి ఎక్కడి వాళ్ళక్కడ తండాలు కట్టుకుని నిలబడిపోయారు. మన సూర్యాపేట, మిర్యాలగూడ చుట్టూ ఇన్ని తండాలున్నాయి, వాళ్ళ పెద్దల బతుకంతా ఇలాంటి దారుల మీదే గడిచింది. ఎండుచేపలు కూడా ఉప్పు వెంటే ఈ దారిలో పైకి వచ్చాయి. మా అత్తమ్మ చిన్నప్పుడు అంగట్లో ఎండుచేపలు కుప్పలు పోసి శేర్లతో కొలిచేవాళ్ళట. వానాకాలంలో కూరలు దొరకనప్పుడు కూలికి పోయే ఇళ్ళల్లో అవే కూర.

బందరు మీద పడిన అన్నిటికంటే పెద్ద దెబ్బ 1864 నవంబరు 1 రాత్రి. తుఫానుతో సముద్రం 13 అడుగుల ఎత్తున లేచి ఊరి మీదికి వచ్చింది. ఆ ఒక్క రాత్రిలో 30 వేల మంది దాకా చనిపోయారని లెక్క. అంతకుముందు 1779లో కూడా ఇలాగే వచ్చి 20 వేల మందిని తీసుకుపోయింది. ఈ అంకెలు చదవడం తేలికే. మన సూర్యాపేటలో వార్డులకు వార్డులు కలిపి, ఇంటింటికీ పోయి లెక్కపెట్టుకుంటే గాని 30 వేలంటే ఎందరో తెలియదు.

మా అక్క కూతురు ఉన్న దేశంలోనే ఐమౌత్ అనే ఇంకో చేపల ఊరు ఉంది. 1881 అక్టోబరు 14న తుఫానులో ఆ తీరంలో 189 మంది జాలర్లు పోయారు. అందులో 129 మంది ఆ ఒక్క ఊరి వాళ్ళే. ఆ ఊరి వాళ్ళు ఇప్పటికీ ఆ రోజును మరిచిపోరట. 2016లో సముద్రం ఒడ్డున ఒక శిల్పం పెట్టారు. పోయిన మగవాళ్ళది కాదు, ఒడ్డున నిలబడి చూస్తున్న వాళ్ళ భార్యలది, పిల్లలది. చిన్న చిన్న బొమ్మలు, ఒకరినొకరు పట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉంటారు. ఆ ఫొటో చూసినప్పుడు నాకు బందరే గుర్తొచ్చింది. ఆరేళ్ళు ఉన్నాను, 30 వేల మంది కోసం అలాంటిదేదీ నా కంట పడలేదు. బందరుకోటలో డచ్చి వాళ్ళ సమాధులు మాత్రం చూశాను, 17వ శతాబ్దం నాటివి, రాళ్ళ మీద పేర్లూ వంశ చిహ్నాలూ చెక్కి ఉన్నాయి. సెయింట్ మేరీస్ చర్చిలో ఒక దొర తన ప్రియురాలు అరబెల్లా కోసమే ఆ చర్చి కట్టించాడన్న కథ ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. వాళ్ళ కథ నిలిచింది, మంచిదే. మిగతా వాళ్ళ కథ ఎవరి దగ్గరుంది అన్నదే నా ప్రశ్న.

తుఫాను తర్వాత బందరు రేవుగా ఇక లేవలేదు. ఒండ్రు పూడింది, మాంచెస్టరు మర బట్ట వచ్చింది, ఓడలన్నీ మద్రాసుకు పోయాయి. రైలు 1908లో గాని రాలేదు. అయితే ఊరు వేరే దారి పట్టింది. 1843లోనే రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి కాలేజీ అయింది. 1902లో కృష్ణా పత్రిక మొదలైంది, తర్వాత ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో తెలుగునాడంతా చదివింది. 1910లో కోపల్లె హనుమంతరావు గారు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టింది ఇక్కడే. ఇవన్నీ మనం పరీక్షల కోసం చదువుకున్నవే కాబట్టి ఎక్కువ రాయను.

నాకు బందరు పరిచయమైంది మాత్రం ఈ పెద్దల వల్ల కాదు, మా వీధిలోకి చేపల గంప తెచ్చే ఒకావిడ వల్ల. మొదటి వారంలోనే గుమ్మం ముందు గంప దించి, "ఏ ఊరమ్మా మీది?" అంది.

"సూర్యాపేట, పెద్దమ్మా."

"అటేపు వాళ్ళు చెరువు చేప తప్ప తినరంటగా. ఇదిగో, ఇది వంజరం. ముళ్ళుండవు, పిల్లలకి పెట్టుకో. నచ్చకపోతే రేపు డబ్బులివ్వొద్దులే."

నిజమే, మనకు కొర్రమీను, రవ్వ, బొచ్చె తప్ప తెలియదు. చందువ, కానాగంతలు, నెత్తళ్ళు, పండుగప్ప అన్నీ ఆవిడే చూపించింది. నెత్తళ్ళలో పచ్చి మామిడికాయ వెయ్యమని, వంజరం ముక్క పలుచగా కొయ్యించుకోమని, ఎండురొయ్యలు వేడి మూకుట్లో వేయించి తలలు తుంచాకే గోంగూరలో వెయ్యమని చెప్పింది. మావారు మొదట ముక్కు మూసుకున్నా, నెల తిరిగేసరికి ఆదివారం పొద్దున్నే "పెద్దమ్మ రాలేదా?" అని అడిగేవారు.

ఆవిడ రోజు తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యేది. గిలకలదిండి హార్బరుకు పోయి, పడవలు వచ్చాక వేలంపాటలో నిలబడాలి. చేతిలో డబ్బుండదు. పొద్దున్నే అప్పు తెచ్చి పాడుకుని, మధ్యాహ్నానికి అమ్మి, సాయంత్రానికి వడ్డీతో కట్టాలి. మిగిలిందే కూలి. అమ్ముడుపోని చేపను మర్నాటికి ఉంచలేదు, ఉప్పు రాసి ఎండబెట్టాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు ఆ ఎండుచేపల మీదే సంసారం. వేటకు పోయే మగవాళ్ళకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. గంప మోసే ఆవిడకు ఆ రోజుల్లో గంప లేదు కాబట్టి పనీ లేదు. మగవాళ్ళు సముద్రం మీద తెచ్చింది ఒడ్డున డబ్బుగా మారేది ఆడవాళ్ళ చేతుల్లోనే. ధర కట్టేది, అరువు పెట్టేది, వసూలు చేసేది, పిల్లల ఫీజు కట్టేది వాళ్ళే.

మా అక్క కూతురు చెప్పిన స్కాట్లాండు ఆడవాళ్ళ కథ కూడా ఇంచుమించు ఇదే. మగవాళ్ళ బట్టలు తడవకూడదని వాళ్ళను వీపు మీద ఎక్కించుకుని పడవల దాకా మోసేవాళ్ళట కొన్ని ఊళ్ళలో. హెర్రింగ్ చేపల కాలంలో పెళ్ళికాని పిల్లలు ముగ్గురేసి జట్టుగా ఊరూరూ తిరుగుతూ, ఇద్దరు చేప కోసి శుభ్రం చేస్తుంటే ఒకరు పీపాల్లో ఉప్పు వేసి పేర్చేవాళ్ళట. కత్తి తగలకుండా వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకునేవాళ్ళు. పెద్దమ్మ వేళ్ళకు కూడా అలాంటి పీలికలే ఉండేవి. ఆ దేశం ఆ పీలికలను కూడా మ్యూజియంలో పెట్టింది.

ఒకరోజు ఆవిడను వయసెంతని అడిగాను. సంవత్సరం చెప్పలేదు. "ఉప్పెన నాటికి మా పెద్దాడు కడుపులో ఉన్నాడు" అంది. ఆ తీరంలో పెద్దవాళ్ళు కాలాన్ని అలాగే లెక్కపెడతారు, ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తర్వాత. అది 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెన. పదివేల మంది పోయారంటారు. ఆవిడ పుట్టిల్లు నాగాయలంక వైపు. ఏడో నెలలో పురిటికి తీసుకుపోతామని పుట్టింటి వాళ్ళు కబురు పంపారు. పది రోజులాగి మంచిరోజు చూసి బయల్దేరదామని అత్తగారు అన్నది. ఆ పది రోజుల్లోనే ఉప్పెన వచ్చింది. అమ్మ, నాన్న, ఇద్దరు తమ్ముళ్ళు, ఇల్లు, ఏదీ మిగల్లేదు. "పురుడు ఇక్కడే పోసుకున్నా. బాలింతకు ఎండుచేప కారం నూరి పంపే అమ్మ లేదు" అంది. తర్వాత గంప ఎత్తుకుని పక్క వీధికి పోయింది. అమ్ముడుపోవాల్సిన చేప ఇంకా సగం ఉంది మరి.

అంతకంటే పాత ఉప్పెన గురించి కూడా ఇంకోసారి అడిగాను. "మా ముసలమ్మ అనేది, ఊళ్ళకు ఊళ్ళే పోయినాయని" అంది, అంతే. 30 వేల మంది గురించి ఆ తీరపు ఆడవాళ్ళ నోట నాకు దొరికింది ఆ ఒక్క ముక్క.

మన ఊళ్ళ చరిత్రలు రాయించిన పెద్దమనిషి కల్నల్ కాలిన్ మెకంజీ కూడా స్కాట్లాండు వాడే. లూయిస్ దీవిలో స్టోర్నోవే అనే రేవు ఊరిలో పుట్టాడు, తర్వాత కాలంలో హెర్రింగ్ చేపలకు అది పెద్ద పేరున్న ఊరైంది. సర్వే పని చేస్తూ, మద్రాసు రాజధానిలో ఊరూరికీ మనుషులను పంపి, కరణాల నోట విని కైఫీయతులు రాయించాడు. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య లాంటి మన తెలుగువాళ్ళు ఆ పని చేసిపెట్టారు. మెకంజీ 1821లో చనిపోయాడు. ఆయన పుణ్యమా అని గుడి మాన్యాలు, చెరువు కట్టలు, జమీందార్ల వంశాలు మనకు తెలుస్తున్నాయి. కానీ కైఫీయతు రాసేవాడు పోయి కూర్చున్నది కరణం అరుగు మీద. చేపల గంప ఆ అరుగు దగ్గర ఎవరూ దించలేదు. చేపల ఊళ్ళ దేశం నుంచి వచ్చిన మనిషి రాయించిన వాటిలో కూడా వాళ్ళ వంతు అంతంతమాత్రమే అయింది.

ఇప్పుడు బందరుకు మళ్ళీ రేవు వస్తోంది. 2023 మేలో తపసిపూడి దగ్గర కొత్త పోర్టు పనులకు శంకుస్థాపన చేశారు. ఓడలు వస్తే మన రోడ్డు మీద లారీలు పెరుగుతాయి, సిమెంటు, మిర్చి, బియ్యం మన సూర్యాపేట, మిర్యాలగూడల నుంచి అటే పోతాయేమో. పిల్లలకు ఉద్యోగాలు వస్తే సంతోషమే. మచిలీపట్నంలో బందరు మళ్ళీ పెద్దదవుతుంది, మరి మచిలీ సంగతి ఏమవుతుందో చూడాలి. 400 ఏళ్ళలో కంపెనీలు వచ్చాయి, పోయాయి. ప్రతిసారీ ఓడల వాళ్ళు లాభం ఉన్నన్నాళ్ళు ఉండి వేరే రేవుకు వెళ్ళిపోయారు. వెళ్ళిపోనిది గంప మోసిన వాళ్ళు. 1779 తర్వాత, 1864 తర్వాత, 1977 తర్వాత మళ్ళీ అదే ఒడ్డున గుడిసె వేసుకున్నది వాళ్ళే. ఊరు ఊరుగా మిగిలిందంటే అందులో వాళ్ళ పాలు పెద్దది.

మేము సూర్యాపేటకు వచ్చేసే ముందు పెద్దమ్మ ఒక సంచినిండా ఎండురొయ్యలు ఇచ్చింది. ఆమెకిప్పుడు డెబ్భైకి దగ్గర పడి ఉంటుంది. ఉప్పెనను కళ్ళతో చూసి, అప్పటికే సంసారం చేస్తున్న ఆడవాళ్ళందరూ ఇప్పుడు ఆ వయసు వాళ్ళే. ఇంకో పదేళ్ళు పోతే 1977 కూడా 1864 లాగా అంకె అయిపోతుంది. వాళ్ళ మాట రాసుకునే గడువు అంతే ఉంది. మన వైపూ అంతే. కరోడ్‌గిరి నాకా చూసిన వాళ్ళు, ఎద్దుల మీద ఉప్పు మోసిన తాతల ముచ్చట్లు విన్న తండా అవ్వలు, పులిచింతల నీళ్ళలో ఇల్లు మునిగి ఊరు మారిన వాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు. మ్యూజియం కట్టడం మన చేతిలో లేదు. పక్కన కూర్చుని అడిగి, ఒక నోటుబుక్కులో రాసి పెట్టడం మాత్రం మన చేతిలో ఉంది. నేను మా తండా నుంచి పాలు తెచ్చే అవ్వతో మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి.